సూదులు వేయిస్తే మా ఆయనకి మళ్ళీ మాట వస్తుందా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది విజయవాడ, ప్రస్తుతం కొరియాలో సువాన్ దగ్గర దొంగ్‌తాన్‌లో ఉంటున్నాం. మా ఆయనకి 44 ఏళ్ళు. నాలుగు నెలల క్రితం మెదడు ఎడమవైపు క్లాట్ వచ్చి స్ట్రోక్ అయింది. నడక దాదాపు వచ్చేసింది, కుడి చెయ్యి ఇంకా మొద్దుగా ఉంది, స్పర్శ సరిగ్గా తెలీదు. మాటే రావట్లేదు. మేం చెప్పేది అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నది మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, వచ్చిన మాట కూడా ముద్దగా ఉంటుంది. హాస్పిటల్లో వారానికి రెండుసార్లు అరగంట స్పీచ్ థెరపీ, అది కూడా కొరియన్‌లో, మధ్యలో కొంచెం ఇంగ్లీషు. పక్కింటి కొరియన్ ఆంటీ ఒక హనివన్‌కి తీసుకెళ్ళింది, అదే వాళ్ళ సంప్రదాయ వైద్యం క్లినిక్. వాళ్ళు మూడు నెలల ప్యాకేజీ అన్నారు, సూదులు, కషాయం, తేనెటీగ విషం ఇంజెక్షన్లు, నరాలు మళ్ళీ పుడతాయన్నారు. ఖర్చు చాలా ఎక్కువ. మా అత్తగారేమో వసకొమ్ము అరగదీసి నాకించు, లేదంటే ఇండియా తీసుకొచ్చెయ్, పసరు పోయిద్దాం అంటున్నారు. క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర వాడుతున్నారు. అన్నం బానే తింటారు, మంచినీళ్ళు తాగేప్పుడు మాత్రం దగ్గొస్తుంది. ఏం చెయ్యమంటారు?
ఒక సోదరి, దొంగ్‌తాన్

సమాధానం:

చెల్లీ, మీరు అన్నిటికంటే చివర రాసిన మాట గురించి ముందు మాట్లాడతా, నీళ్ళు తాగేప్పుడు దగ్గొస్తుంది అన్నారు చూడండి, అది. మాట్లాడ్డానికి వాడే నాలుక, పెదాలు, గొంతు కండరాలే మింగడానికీ వాడతాం కదా, స్ట్రోక్‌లో అవి బలహీనపడితే మాట ముద్దగా రావడంతో ఆగదు, నీళ్ళలాంటి పల్చటివి దారి తప్పి ఊపిరితిత్తుల వైపు కూడా పోతాయి. మనింట్లో అయితే పొలమారిందిలే, ఎవరో తలుచుకుంటున్నారు అని నెత్తిమీద తట్టి వదిలేస్తాం, కానీ స్ట్రోక్ వచ్చిన మనిషికి ఇది రోజూ జరుగుతుంటే న్యుమోనియాకి దారి తీస్తుంది, కొంతమందికైతే దగ్గు కూడా రాకుండానే లోపలికి పోతుంది. అందుకని హనివన్ సంగతి తేల్చుకునే ముందే, మీరు వెళ్ళే హాస్పిటల్లో రిహాబ్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి మింగే టెస్ట్ కావాలని అడగండి. బేరియం కలిపిన నీళ్ళు, పెరుగులాంటిది, గట్టి పదార్థం ఒక్కోటి మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తారు, ఏది ఎక్కడికి పోతోందో కళ్ళారా కనిపిస్తుంది. నీళ్ళు చిక్కబడే పొడి కలపాలా, తల ఎలా పెట్టి తాగాలి అనేది అది చూశాక వాళ్ళే చెప్తారు, ఈలోపు నిటారుగా కూర్చోబెట్టి చిన్న చిన్న గుక్కలు, ఎదురుగా టీవీ ఆపేసి, తాగేప్పుడు ఆయన్ని మాట్లాడించకుండా. ఇంకో సంగతి, హనివన్‌లో ఇచ్చే కషాయం ప్లాస్టిక్ పౌచుల్లో వస్తుంది, అదీ నీళ్ళలాగా పల్చగానే ఉంటుంది, రోజుకి రెండు మూడు పౌచులు తాగమంటారు. నీళ్ళకే దగ్గుతున్న మనిషికి అందులో ఏ మూలికలున్నాయన్నది తర్వాత, అసలు ఆ తాగడమే రిస్కు. ఆ టెస్ట్ అయ్యేదాకా ఎవరిచ్చిన కషాయమైనా మొదలుపెట్టకండి.

ఇక మాట సంగతి. చెప్పాలనుకున్నది నోటిదాకా వచ్చి ఆగిపోతుంది అన్నారు, వచ్చింది ముద్దగా ఉంటుంది అన్నారు, ఈ రెండూ ఒకటి కాదు. మొదటిదాన్ని అఫేజియా అంటాం, మాటని వెతికి తెచ్చే పని దెబ్బతినడం, ఎడమవైపు స్ట్రోక్‌లో ఎక్కువగా వస్తుంది. రెండోది డిసార్త్రియా, అంటే మాట దొరికింది గానీ దాన్ని పలకాల్సిన కండరాల్లో బలమో పట్టో తగ్గింది. ఇవి కాక కండరాల్లో బలం ఉన్నా ఏది ముందు కదపాలి ఏది తర్వాత అనే ప్లాన్ తప్పడం ఒకటి ఉంటుంది, అలాంటివాళ్ళు ఒకే మాటని ఒక్కోసారి ఒక్కోలా తప్పు పలుకుతారు. మీ ఆయనకి వీటిలో ఏది ఎంత ఉందో థెరపిస్టుని అడిగి రాయించుకోండి, ఎందుకంటే ఒక్కోదానికి చేసే సాధన వేరు, పైగా ఎవరైనా మేం మాట తెప్పిస్తాం అన్నప్పుడు ఏ సమస్యకి తెప్పిస్తారు అని అడగ్గలిగేది అప్పుడే.

మీ పక్కింటి ఆంటీ గురించి చెడుగా అనుకోవద్దు, ఆవిడ మిమ్మల్ని ఏదో నాటు వైద్యానికి లాక్కెళ్ళలేదు. కొరియాలో సంప్రదాయ వైద్యం చేసే హనిసా అంటే 6 ఏళ్ళు కాలేజీలో చదివి, ప్రభుత్వ లైసెన్స్ పరీక్ష పాసైన డాక్టరు. 1951లో వచ్చిన చట్టం నుంచి అక్కడ రెండు వైద్యాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి, మామూలు డాక్టరు సూదులు వెయ్యకూడదు, హనిసా అల్లోపతి మందులు రాయకూడదు. 1987 నుంచి సూదులకి దేశ ఆరోగ్య బీమా కూడా ఉంది. స్ట్రోక్‌ని వాళ్ళు జుంగ్‌పుంగ్ అంటారు, రాజవైద్యుడు హొ జున్ 1610లో పూర్తి చేసిన తోంగుయ్ బోగమ్ అనే 25 సంపుటాల గ్రంథంలో నాలుక బిగుసుకుని మాట పడిపోవడం గురించి, దానికి వాడే మందుల గురించి ఉంది, 2009లో యునెస్కో వాళ్ళు ఆ గ్రంథాన్ని ప్రపంచ స్మృతుల జాబితాలో పెట్టారు. ఆంటీ వయసు వాళ్ళకి జుంగ్‌పుంగ్ వస్తే హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చాక సూదులకి వెళ్ళడం చాలా మామూలు విషయం. సియోల్లో క్యుంగ్‌హీ యూనివర్సిటీ లాంటి చోట ఒకే క్యాంపస్‌లో అల్లోపతి హాస్పిటల్, కొరియన్ మెడిసిన్ హాస్పిటల్ రెండూ ఉన్నాయి, స్ట్రోక్ పేషెంట్లని చూసే విభాగం రెండో దాంట్లోనూ ఉంది. కాబట్టి వెళ్ళాలా వద్దా అన్నది నా లెక్కలో రెండో ప్రశ్న. ఎలాంటి చోటికి వెళ్ళాలి, ఏం చేయించుకోవాలి, ఏం చేయించుకోకూడదు, అసలు దేని బదులుగా వెళ్తున్నాం, ఇవి ముఖ్యం.

సూదుల వల్ల మాటకి ఉపయోగం ఉందా అంటే, ఉన్న ఆధారం ఉన్నట్టు చెప్తా. స్ట్రోక్ రిహాబ్‌లో ఆక్యుపంక్చర్ మీద, అంటే ఈ సూదుల వైద్యం మీద, 2016లో కాక్రేన్ వాళ్ళు, వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ, అప్పటిదాకా వచ్చిన ట్రయల్స్ అన్నీ వడకట్టి చూశారు, కొంత మేలు కనిపిస్తోంది గానీ ట్రయల్స్ నాణ్యత తక్కువ, గట్టిగా ఏమీ చెప్పలేం అన్నారు. ఆ తర్వాత 2024లో చైనాలో 3 పెద్ద హాస్పిటళ్ళు కలిసి చేసిన ట్రయల్ ఒకటి వచ్చింది, అది నాకు నచ్చింది. స్ట్రోక్ తర్వాత అర్థం చేసుకుంటూ మాట రాని 252 మందిని తీసుకుని సగం మందికి అసలు సూదులు, సగం మందికి ఉత్తుత్తి సూదులు, 6 వారాల్లో 30 సార్లు వేశారు. అసలు సూదులు పడినవాళ్ళకి 100 మార్కుల భాషా పరీక్షలో సుమారు 8 మార్కుల తేడా కనిపించింది, 6 నెలల తర్వాత చూసినా తేడా ఉంది. సంతోషించాల్సిన విషయమే, కానీ జాగ్రత్తగా చదవండి చెల్లీ, ఆ రెండు గుంపులకీ భాషా శిక్షణ నడుస్తూనే ఉంది, శిక్షణ ఆపేసి సూదులు మాత్రమే వేస్తే ఏమవుతుందో ఆ ట్రయల్ చెప్పలేదు. ముద్దగా వచ్చే మాట, అదే డిసార్త్రియా సంగతికొస్తే, 2017లో కాక్రేన్ వాళ్ళు మా స్పీచ్ థెరపీ ట్రయల్స్‌నే లెక్కేస్తే 5 చిన్న ట్రయల్స్, అన్నిట్లో కలిపి 234 మంది మాత్రమే తేలారు, అంటే మా వైపు కూడా ఇంకా పెద్ద పరిశోధన జరగాలి. అందుకే నేను సూదుల్ని కొట్టిపారెయ్యను. నరాలు మళ్ళీ పుడతాయి అన్న మాట మాత్రం నమ్మకండి. పోయిన చోటు పోయినట్టే, దాని చుట్టుపక్కల ఉన్నవి, అవతలి వైపువి ఆ పని నేర్చుకుంటాయి, అవి నేర్చుకునేది ఆ పని పదే పదే చేయించినప్పుడే.

సూదులు వేయించుకోవాలనుకుంటే వేయించుకోండి, కానీ మొదటిరోజే క్లోపిడోగ్రెల్ వాడుతున్నారని చెప్పండి, రక్తం పల్చబడే మందు కాబట్టి సూది తీశాక కాసేపు నొక్కి పట్టుకోవాలి, కొంచెం కమిలిపోవడం మామూలే. సూదుల కోసం ఆ మాత్ర ఒక్క పూట కూడా ఆపకండి, ఎవరు చెప్పినా సరే, దాన్ని ఆపే హక్కు మీ న్యూరాలజిస్టుకి మాత్రమే ఉంది. మాట కోసం గడ్డం కింద, మణికట్టు దగ్గర, తల మీద వేస్తారు, ఇవి ఫర్వాలేదు. మెడ వెనక పుర్రె మొదలయ్యే చోట ఆమున్ అనే పాయింట్ ఉంది, మాట పడిపోయినవాళ్ళకి పాతకాలం నుంచీ వాడతారు, లోపలికి లోతుగా పోతే అక్కడ మెదడు కాండం ఉంది, అక్కడ లోతుగా వద్దని చెప్పండి, మొహమాటపడొద్దు. నాలుక కింద సిరల్ని గుచ్చి రక్తం తీసే పద్ధతి కూడా ఉంది, రక్తం పల్చబడే మందు వాడుతూ, మింగడంలో తేడా ఉన్న మనిషికి అది అస్సలు వద్దు. ఇంకోటి, ట్టుమ్ అని ఎండబెట్టిన ఆకు ముద్దని వెలిగించి వేడి పెడతారు, మీ ఆయన కుడి చేతికి స్పర్శ సరిగ్గా తెలీదన్నారు, కాలినా తెలీదు, ఆ చేతి మీద పెట్టనివ్వకండి.

కషాయాల దగ్గర నేను కొంచెం గట్టిగానే ఉంటా. వాళ్ళ పుస్తకాల్లో స్ట్రోక్ వచ్చి మాట పడిపోతే ఇచ్చే పాత యోగాలు కొన్నున్నాయి, సోసొంగ్‌మ్యోంగ్‌టాంగ్ అనేది ఒకటి, అందులో మాహ్వాంగ్ పడుతుంది, అంటే ఎఫెడ్రా, గుండె వేగాన్నీ బీపీనీ పెంచే మూలిక, అమెరికాలో 2004లో దాన్ని సప్లిమెంట్లలో నిషేధించారు. జిహ్వాంగ్ ఉమ్‌జా అనేది ఇంకోటి, మాట, కాళ్ళు రెండూ పడిపోయినవాళ్ళకి ఇస్తారు, అందులో బుజా ఉంటుంది, మన వసనాభి జాతిదే, శుద్ధి చేసి వాడతారు గానీ శుద్ధి సరిగ్గా జరక్కపోతే గుండె లయ తప్పిస్తుంది. ఇవన్నీ అందరూ ఇస్తారని కాదు, మంచి హనిసా బీపీ ఉన్న మనిషికి మాహ్వాంగ్ జోలికి పోడు, కానీ మీకిచ్చే పౌచులో ఏముందో మీకు తెలియాలి కదా. వీటికంటే నాకు ఎక్కువ భయం గామ్‌చో, అదే మన అతిమధురం. చిన్నప్పుడు దగ్గొస్తే మనమూ బుగ్గన పెట్టుకున్నదే కాబట్టి ఎవరూ అనుమానించరు, కొరియన్ కషాయాల్లో అది పడనిది తక్కువ, వాళ్ళకి దాని మీద సామెతే ఉంది, ఎక్కడ చూసినా కనిపించే మనిషిని మందులకొట్లో గామ్‌చోలాంటివాడు అంటారు. వారాల తరబడి రోజూ తాగితే ఒంట్లో ఉప్పు, నీరు నిలబడి బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. స్ట్రోక్ మళ్ళీ రాకుండా మన చేతిలో ఉన్నవాటిలో అతి పెద్దది బీపీని అదుపులో పెట్టుకోవడమే, దాన్నే పైకి తోసే మందుని మూడు నెలలు తాగడం ఎందుకు? ఇక తాంగ్వి, దాన్సమ్ లాంటి మూలికలు రక్తం మీద పనిచేస్తాయి, క్లోపిడోగ్రెల్‌కి తోడైతే రక్తస్రావం భయం, వార్ఫరిన్ అనే రక్తం గడ్డకట్టనివ్వని మందు వాడేవాళ్ళకైతే ఇంకా ఎక్కువ. కాబట్టి కషాయం తాగాలనే అనుకుంటే, అందులో ఉన్న మూలికల పేర్లన్నీ కాగితం మీద రాయించుకోండి, ఆ కాగితం మీ న్యూరాలజిస్టుకి చూపించండి, ఆయన సరే అన్నాకే, ఇంట్లో రోజూ బీపీ చూసుకుంటూ. రాసివ్వం, అది మా సొంత ఫార్ములా అన్న చోట నుంచి లేచి వచ్చెయ్యండి.

తేనెటీగ విషం ఇంజెక్షన్లకి నా జవాబు ఒక్కటే, వద్దు. స్ట్రోక్ వల్ల పోయిన మాటని అది తెచ్చిందని నమ్మదగ్గ ఆధారం నాకు కనిపించలేదు. పార్కిన్సన్స్ మీద మాత్రం కొరియాలో 2012లో ఒక చిన్న ట్రయల్‌లో మేలు కనిపించింది అన్నారు, ఫ్రాన్సులో 2016లో నెలకోసారి చొప్పున ఇచ్చి చూస్తే ఉత్తుత్తి ఇంజెక్షన్‌కీ దానికీ తేడా తేలలేదు. అటు రిస్కు చూస్తే 2018లో బుచోన్‌లో నడుం నొప్పికి ఈ ఇంజెక్షన్ చేయించుకున్న ఒక స్కూల్ టీచరు అలర్జీ షాక్‌తో చనిపోయింది, కొరియా అంతా దాని గురించి మాట్లాడుకున్నారు. మీ ఆయన వాడే బీపీ మాత్ర బీటా బ్లాకర్ రకం అయితే అలాంటి షాక్ వచ్చినప్పుడు ఇచ్చే అడ్రినలిన్ కూడా సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు. (పార్కిన్సన్స్ ఉన్న నాన్నగారి గొంతు చిన్నదైపోయిందని ఇంకొందరు కూడా రాస్తుంటారు, వాళ్ళ కోసం ఒక్క మాట, గొంతు పెంచి మాట్లాడించే ఎల్‌ఎస్‌వీటీ లౌడ్ అనే పద్ధతి ఉంది, వారానికి 4 రోజులు, 4 వారాలు, 2024లో బ్రిటన్‌లో 388 మంది మీద చేసిన ట్రయల్‌లో అది మామూలు థెరపీ కంటే బాగా పనిచేసింది. ఇంజెక్షన్లకి పెట్టే డబ్బు దానికి పెట్టండి.)

డబ్బు సంగతి కూడా చెప్తా, ఎందుకంటే ప్యాకేజీ అనగానే అది బీమాలో లేనిదని అర్థం. మీ ఆయనకి కంపెనీ ద్వారా దేశ ఆరోగ్య బీమా ఉంటుంది కదా, మామూలు సూదులు, ట్టుమ్, కప్పులు పెట్టడం బీమాలోనే వస్తాయి, మీ చేతి నుంచి పడేది తక్కువ. కషాయాలు చాలావరకు బయటే, కానీ 2020 నవంబర్లో కొన్ని జబ్బులకి కషాయం మీద కూడా బీమా ఇచ్చే పైలట్ స్కీమ్ మొదలుపెట్టారు, అందులో స్ట్రోక్ తర్వాత మిగిలే సమస్యలు ఉన్నాయి, మొదట్లో 65 దాటినవాళ్ళకే, 2024 ఏప్రిల్లో పెంచినప్పుడు అన్ని వయసులకీ ఇచ్చారు. అన్ని క్లినిక్కులూ అందులో లేవు, చొమ్‌న్యాక్ (అంటే కషాయం) బీమా ఉందా అని కౌంటర్లో అడగండి. మూడు నెలలకి ముందే డబ్బు కట్టించుకునే చోటికి వెళ్ళాల్సిన అవసరం మీకు లేదు, వెళ్ళిన రోజుకి ఆ రోజు డబ్బు కట్టే చోటు చాలు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది చెప్తా. మీరు హనివన్ వైపు ఎందుకు మొగ్గారో నాకు అర్థమైంది, సూదికి భాష అక్కర్లేదు. మంచం మీద పడుకుంటే చాలు, కొరియన్ రాకపోయినా ఫర్వాలేదు, అదే స్పీచ్ థెరపీ గదిలో మీ ఆయనకి సగం బాధ స్ట్రోక్‌ది, సగం భాషది. కొరియన్‌లో త, ద ల తేడా మనలా ఉండదు, ట, డ, ణ లు ఉండవు, వాళ్ళ మాటలు చాలా హల్లు దగ్గర ఆగుతాయి, మన తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. ఆ థెరపిస్టు ఎంత మంచిదైనా ఆయన నాలుకకి కావల్సిన తెలుగు సాధన ఆమె ఇవ్వలేదు, పైగా వారానికి గంట. అఫేజియాలో ఎంతసేపు చేస్తున్నాం అన్నది చాలా తేడా తెస్తుంది. జర్మనీలో స్ట్రోక్ వచ్చి 6 నెలలు దాటినవాళ్ళని 158 మందిని తీసుకుని 3 వారాల పాటు వారానికి 10 గంటలకి తగ్గకుండా థెరపీ ఇస్తే రోజువారీ మాట్లాడే తీరు మెరుగైంది, 2017లో వచ్చింది ఆ ఫలితం. మీ ఆయనకి ఇంకా నాలుగు నెలలే, కోలుకునే వేగం ఇప్పుడే బాగుంటుంది, ఈ నెలలు ప్రయాణాల్లో, ప్యాకేజీల్లో కరిగిపోకూడదు.

అందుకని హైదరాబాద్, విజయవాడల్లో తెలుగు మాట్లాడే స్పీచ్ థెరపిస్టుల్లో అఫేజియా చూసినవాళ్ళని వెతికి ఆన్‌లైన్‌లో పెట్టుకోండి, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. మైసూరులోని ఆలిండియా స్పీచ్ అండ్ హియరింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆన్‌లైన్ థెరపీ చేస్తారు, సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రం ఉంది, అక్కడ అడిగినా దారి చూపిస్తారు. కొరియా మనకంటే మూడున్నర గంటలు ముందు, ఇక్కడ సాయంత్రం 4 అంటే మీకు ఏడున్నర, రోజుకి ముప్పావుగంట దొరికినా చాలు. హాస్పిటల్లో కొరియన్ థెరపీ మానకండి, మింగడం, నోటి కండరాల పని అక్కడే బాగా జరుగుతుంది, రెండూ నడవనివ్వండి.

ఇంట్లో మీరు చేయాల్సింది పెద్ద పుస్తకం అక్కర్లేదు. అఫేజియా వచ్చినవాళ్ళకి సొంతంగా ఒక మాట కూడగట్టి చెప్పడం కష్టం గానీ చిన్నప్పుడు నోటికొచ్చినవి ధారగా వచ్చేస్తాయి, ఎక్కాలు, వారాల పేర్లు, నెలల పేర్లు, వేమన పద్యాలు, రోజూ చదివే శ్లోకం. మీరు మొదలుపెట్టి చివరి మాట ఆయనకి వదలండి, సోమవారం, మంగళవారం... అని ఆగండి. పాడగలిగితే పాడించండి, మాట రానివాళ్ళు పాటలో మాట పలకడం చూసే 1973లో ఆ రాగం పట్టుకుని మాటలోకి తెచ్చే థెరపీ తయారుచేశారు, దాంట్లో చేసేదేంటంటే, కాఫీ కావాలి అన్న మాటని కొంచెం రాగం తీస్తూ, ఎడమ చేత్తో బల్ల మీద తడుతూ అనిపించడం. తర్వాత తర్వాత రాగం తగ్గించి మామూలు మాటలోకి తెస్తారు. ఏ మాటలు నేర్పాలి అంటే ఆయనకి కావల్సినవి, పిల్లల పేర్లు, మీ పేరు, చాలు, వద్దు, ఇంకొంచెం, ఛార్జర్ ఎక్కడ, మేనేజర్ పేరు. ముద్ద మాటకి వేరే సాధన, ప ట క, ప ట క అని ముందు మెల్లగా స్పష్టంగా తర్వాత కొంచెం వేగంగా, ఒక్కో మాటకి ఒక్కో వేలు ముడుస్తూ నెమ్మదిగా చదవడం, గొంతు కాస్త పెంచి ఒక్కో శ్వాసకి నాలుగైదు మాటలే. తెలుగు, ఇంగ్లీషు, కొరియన్ ఏది ముందొస్తే అది రానివ్వండి, ఒకే భాషలో చెప్పు అని ఆపకండి, రెండు మూడు భాషలొచ్చినవాళ్ళకి ఏది ముందు తేరుకుంటుందో ఎవరూ చెప్పలేరు. ఆయన మాట వెతుక్కుంటుంటే ఆ మాట మీరు అందించెయ్యకండి, మనసులో పది లెక్కపెట్టండి, అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం ఇవ్వండి. ఇంటికొచ్చినవాళ్ళు ఆయన ఎదురుగానే ఆయన గురించి మిమ్మల్ని అడుగుతుంటారు, అప్పుడు ఆయన వైపు తిరిగి అడగమనండి, అన్నీ అర్థమవుతున్న మనిషి ఆయన. స్ట్రోక్ తర్వాత డిప్రెషన్ చాలామందికి వస్తుంది, నిద్ర, ఆకలి, పిల్లలతో కూర్చోవడం తగ్గాయంటే న్యూరాలజిస్టుకి చెప్పండి, దానికి మందుంది.

అత్తగారి మాటకొద్దాం. ఆవిడ వస అన్నది ఊరికే కాదు, పసిపిల్లలకి మాటలు బాగా రావాలని వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాయడం మనిళ్ళల్లో తరతరాలుగా ఉంది, గలగలా మాట్లాడే పిల్లని వసపిట్ట అంటాం. ఆశ్చర్యం ఏంటంటే కొరియన్లు కూడా మాట పడిపోయినవాళ్ళ మందుల్లో సొక్‌ఛాంగ్‌పో అనే మూలిక వేస్తారు, అది మన వసకి తోబుట్టువు లాంటి మొక్క, రెండూ ఒకే జాతి. అంత దూరంలో ఉన్న రెండు దేశాల వాళ్ళు ఒకే జాతి మొక్కని మాటతో ముడిపెట్టారంటే నాకైతే అబ్బురంగానే ఉంటుంది. కానీ వసలో బీటా ఆసరోన్ అనే పదార్థం ఉంటుంది, జంతువుల మీద చేసిన పరీక్షల్లో క్యాన్సర్ తెచ్చిందని అమెరికాలో 1968లోనే దాన్ని ఆహారంలో వాడొద్దన్నారు, స్ట్రోక్ తర్వాత మాట తెస్తుందనడానికి మనుషుల్లో రుజువు లేదు, కాబట్టి రోజూ నాకించొద్దు. అత్తగారితో వాదించకండి, మింగే టెస్ట్ అయ్యేదాకా ఇలాంటివేమీ ఇవ్వొద్దని నేనన్నానని చెప్పండి, అది నిజమే కదా. బదులుగా ఆవిడకి ఒక పని అప్పజెప్పండి, రోజూ వీడియో కాల్‌లో కొడుకు చేత పద్యాలు, ఎక్కాలు చెప్పించడం, ఆయనకి చిన్నప్పుడు అవి నేర్పింది ఆవిడే అయ్యుంటుంది, అంత ఓపిగ్గా ఇంకెవరూ కూర్చోరు. పసరు మాత్రం వద్దు, అందులో ఏముందో పోసేవాళ్ళు చెప్పరు, పైగా పత్యం అంటూ బీపీ మాత్రలు, క్లోపిడోగ్రెల్ ఆపించేసే చోట్లు ఉన్నాయి.

ఒక్కటి ఇంట్లో అందరికీ, పక్కింటి ఆంటీకి కూడా చెప్పి పెట్టండి. మళ్ళీ ఎప్పుడైనా మూతి వంకరపోవడం, చెయ్యి ఉన్నట్టుండి పడిపోవడం, ఉన్న మాట కూడా పోవడం కనిపిస్తే వెంటనే 119కి ఫోన్ చెయ్యాలి. కొరియన్ పెద్దవాళ్ళు అలాంటప్పుడు వేళ్ళ చివర్లు సూదితో గుచ్చి రక్తం తీస్తారు, ఉహ్వాంగ్ చొంగ్‌సిమ్‌వన్ అనే ఉండ నోట్లో పెడతారు, ప్రేమతోనే చేస్తారు, కానీ వేళ్ళు గుచ్చితే టైమ్ పోతుంది, ఉండ పెడితే గొంతుకి అడ్డం పడుతుంది. క్లాట్ కరిగించే ఇంజెక్షన్‌ని మామూలుగా స్ట్రోక్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వగలరు.

ఇండియా వెళ్ళడం తప్పు కాదు, వెళ్ళాలనిపిస్తే ఒకటి రెండు నెలలు రోజూ తెలుగులో థెరపీ దొరికే చోటు ముందే మాట్లాడుకుని వెళ్ళండి, పసరు కోసం వెళ్ళకండి. వెళ్ళే ముందు హాస్పిటల్ నుంచి ఎంఆర్ఐ సీడీ, ఇంగ్లీషులో డిశ్చార్జ్ సమ్మరీ, మింగే టెస్ట్ రిపోర్టు, మందుల లిస్టు తీసుకోండి, హనివన్‌లో ఏదైనా వాడి ఉంటే ఆ మూలికల కాగితం కూడా అందులోనే పెట్టండి. ప్రయాణానికి డాక్టరు ఒప్పుకున్నాకే టికెట్లు తీసుకోండి, మందులు సరిపడా చేతి సంచిలో పెట్టుకోండి. ఈ వారంలో మాత్రం రిహాబ్ వాళ్ళకి ఆ ఫోన్ చెయ్యండి, టెస్ట్‌లో ఏమొచ్చిందో, థెరపిస్టు ఏది ఎంత ఉందని రాసిచ్చారో నాకు పంపితే, ఏ మాటలతో మొదలుపెట్టాలో మీ ఇద్దరికీ సరిపోయేలా రాసి పంపుతా.